ట్యాంక్ నింపిన రోజే ఆగిపోయే మారుతి 800: ఒక కేసు

విజయవాడ ఆటోనగర్‌లో నాది చిన్న షెడ్డు. కార్ల వైరింగ్ పని, కార్బురేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కు ఇచ్చే భాగం) పని రెండూ చేస్తాను. ఇక్కడ మామూలుగా ఆ రెండూ వేరువేరు చేతుల్లో ఉంటాయి. వైరింగ్ మనిషి కార్బురేటర్ జోలికి పోడు, కార్బురేటర్ మనిషి మీటర్ పట్టుకోడు. ఈ కేసు రాయడానికి సగం కారణం అది. మిగతా సగం, ఇందులో నేను చేసిన పొరపాట్లు. బండి యజమానికి చెప్పే రాస్తున్నాను. ఆయన్ని గుర్తుపట్టగల వివరాలు తీసేశాను.

బండి, మనిషి

1997లో రిజిస్టరైన మారుతి 800. 796 సీసీ, మూడు సిలిండర్లు, కార్బురేటర్ ఇంజిన్. పెట్రోల్ పంపు ఇంజిన్‌తో పాటు ఆడే డయాఫ్రమ్ రకం. కంప్యూటర్ లేదు, సెన్సర్లు లేవు. స్పార్క్ పుట్టించే కాయిల్, దాన్ని ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటర్, కార్బురేటర్ తెలిస్తే చాలు, ఏ లోపమైనా చేతికి దొరకాలి.

యజమాని గుంటూరులో ఉండే రిటైర్డ్ లెక్కల మాస్టారు. మొదటి యజమాని ఆయనే. కూతురు విజయవాడలో ఉండటంతో వారానికోసారి వస్తారు, పోతారు. 2022 చివర్లో రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించారు. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి కార్ల రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000 అయింది. దాని పైన టింకరింగ్, పెయింటు, అండర్ కోటింగ్ ఖర్చు. "ఇంత పెట్టింది రోడ్డు పక్కన నిలబెట్టుకోవడానికా అబ్బాయ్?" అన్నారు షెడ్డుకు వచ్చిన రోజు. అది 2023 జనవరి, సంక్రాంతికి ఓ వారం ముందు.

మాస్టారు చెప్పింది

ఆయన చెప్పింది ఒక్క ముక్క: బండి ఆగిపోతోంది. గుచ్చి గుచ్చి అడిగితే రెండు రకాలుగా ఆగుతోందని తేలింది.

ఒకటి ఊళ్లో. సిగ్నల్ దగ్గర కాలు తీస్తే ఇంజిన్ టక్కున ఆగుతుంది. వెంటనే సెల్ఫ్ కొట్టి కాస్త యాక్సిలరేటర్ తొక్కితే మళ్లీ అందుకుంటుంది. ఇది అంతకుముందు వేసవి నుంచీ ఉంది.

రెండోది హైవే మీద. గుంటూరులో బయలుదేరి పాతిక, ముప్పై కిలోమీటర్లు బాగానే వచ్చి, మంగళగిరి దాటాక ఎక్కడో కుదుపులు మొదలవుతాయి. పికప్ పోతుంది, దగ్గి దగ్గి ఆగుతుంది. బానెట్ ఎత్తి ఇరవై నిమిషాలు ఉంచితే చల్లారి స్టార్టవుతుంది. ఇది రెన్యువల్ పని అయ్యాక మొదలైంది.

ఇంకో మాట కూడా అన్నారు. "ఆ బంకు వాడు ఏదో కలుపుతున్నాడని నా అనుమానం." నేను నవ్వి ఊరుకున్నాను. బండి ఆగిన ప్రతివాళ్లూ బంకును తిడతారు, అది మాకు అలవాటైన మాట. ఆ అనుమానం ఎందుకొచ్చిందని అడిగి ఉంటే ఈ కేసు వారం ముందే ముగిసేది.

అప్పటికే జరిగిన పనులు

నా దగ్గరికి వచ్చేసరికి కార్బురేటర్ మూడుసార్లు ఓవరాలింగ్ అయింది. పెట్రోల్ పంపు కొత్తది, ఫిల్టర్ కొత్తది, ప్లగ్గులు కొత్తవి. కార్బురేటర్‌కు ఉండే సోలినాయిడ్ కూడా ఒకసారి మార్చారు. అది మార్చాక మూడు వారాలు బాగుందట. ప్రతి ఓవరాలింగ్ తర్వాతా కొన్నాళ్లు బాగుండటం, తర్వాత మళ్లీ మొదలవడం.

ఇక్కడ ఆగి ఆలోచించాను. కార్బురేటర్ విప్పి కడిగితే బాగుపడే జబ్బయితే, మూడుసార్లు కడిగినా తిరిగి రావాలంటే మురికి ఎక్కడినుంచో వస్తూ ఉండాలి. ఫిల్టర్ కోసి చూశాను. శుభ్రంగా ఉంది. అంటే ఓవరాలింగ్‌తో పాటు జరిగే ఇంకేదో పని లోపాన్ని కప్పేస్తోంది. ఏమిటా పని? కార్బురేటర్ బిగించాక ఎవరైనా చేసేది స్లో స్పీడ్, అంటే కాలు తీసినప్పుడు ఇంజిన్ తిరిగే వేగం, కాస్త పెంచడం. స్లో పెంచితే డైనమో ఎక్కువ ఇస్తుంది, పైగా త్రాటిల్ కొంచెం తెరుచుకుని ఉంటుంది కాబట్టి ఐడిల్ జెట్టు (స్లోలో పెట్రోల్ వచ్చే సన్నటి రంధ్రం) మీద ఆధారం తగ్గుతుంది. తర్వాత మైలేజీ పడిపోయిందని మాస్టారు గొడవ చేస్తారు, ఎవరో స్లో తగ్గిస్తారు, కథ మొదటికి వస్తుంది.

ఊళ్లో ఆగడం

ఈ సోలినాయిడ్ గురించి నాలుగు మాటలు చెప్పాలి. తాళం తిప్పగానే కార్బురేటర్ దగ్గర 'టిక్' మనేది ఇదే. కరెంటు ఉన్నంతసేపు లోపలి సూదిని వెనక్కి లాగిపెట్టి ఐడిల్ పెట్రోల్ దారి తెరిచి ఉంచుతుంది. తాళం తీయగానే దారి మూసేస్తుంది, లేకపోతే వేడి ఇంజిన్ తాళం తీశాక కూడా కాసేపు కొట్టుకుంటూ ఉంటుంది. కాబట్టి దానికి కరెంటు చాలకపోతే ఐడిల్ జెట్టులో చెత్త అడ్డుపడినట్టే ఉంటుంది: కాలు తీస్తే ఆగుతుంది, తొక్కితే నడుస్తుంది. బయటికి చూస్తే అచ్చంగా కార్బురేటర్ జబ్బు.

ముందు చూసిన వైరింగ్ మనిషి టెస్ట్ ల్యాంప్ పెట్టి "కరెంటు వస్తోంది" అన్నాడట. ఆయన అబద్ధం చెప్పలేదు. ఇంజిన్ ఆపి, తాళం తిప్పి, బల్బు పెడితే వెలుగుతుంది. తొమ్మిది వోల్టులకూ వెలుగుతుంది, పన్నెండుకూ వెలుగుతుంది. ఆ తేడా ఎండలో నిలబడి చూసే కంటికి అందదు. నాకు కావలసింది కరెంటు ఉందా లేదా అన్నది కాదు. బండి సిగ్నల్ దగ్గర నిలబడ్డప్పుడు ఎంత ఉందన్నది.

అందుకని సోలినాయిడ్ వైరు నుంచి పొడుగు తీగ లాగి మీటర్‌ను లోపల సీటు మీద పెట్టాను. ఇంజిన్ స్లోలో, అన్నీ ఆపి ఉంటే బ్యాటరీ దగ్గర 13.8, సోలినాయిడ్ దగ్గర 12.9. దాదాపు ఒక వోల్టు దారిలో పోతోంది, అదే ఎక్కువ. రేడియేటర్ ఫ్యాను వేశాను. బ్యాటరీ 13.2, సోలినాయిడ్ 9. కుడివైపు ఇండికేటర్ వేసి హెడ్‌లైట్ కూడా వేశాను. ఇండికేటర్ వెలిగిన ప్రతిసారీ సూది ఏడు కిందికి పడుతోంది. నాలుగో టిక్కుకో ఐదో టిక్కుకో ఇంజిన్ ఆగిపోయింది.

పక్కన నిలబడ్డ మాస్టారు, "రైటుకు తిరగాల్సిన సిగ్నల్స్ దగ్గరే ఎక్కువగా ఆగుతోందని మా ఆవిడ అంటే నేను కొట్టిపారేశాను" అన్నారు. రైటుకు తిరగాలంటే ఎక్కువసేపు ఆగాలి, ఫ్యాను తిరుగుతూ ఉంటుంది, ఇండికేటర్ వేసి ఉంటుంది. అమ్మగారు చెప్పింది అక్షరాలా నిజం.

మామూలుగా ఇలాంటి చోట మొదటి అనుమానం ఎర్త్ (కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) మీదికి పోవాలి, పాత బండ్లలో తుప్పు పట్టేది అదే. బ్యాటరీ నెగెటివ్‌కూ ఇంజిన్ బ్లాక్‌కూ మధ్య మీటర్ పెట్టి ఫ్యాను వేస్తే 0.1 కూడా లేదు. ఎర్త్‌ను వదిలేశాను. పాజిటివ్ వైపు ఒక్కో జాయింటు దాటుకుంటూ, ఫ్యాను తిరుగుతుండగానే కొలుస్తూ వెళ్లాను. ఇగ్నిషన్ స్విచ్ కాంటాక్టుల్లో రెండున్నర వోల్టులు, దాని కింద వైర్లను కలిపే కప్లర్‌లో ఒకటిన్నర పోతున్నాయి. కప్లర్ విప్పితే ప్లాస్టిక్ కాఫీపొడి రంగులోకి తిరిగి ఉంది. పది ఆంపియర్లు నాలుగు వోల్టుల తేడా మీద పోతుంటే నలభై వాట్ల వేడి. మనం వాడే మామూలు సోల్డరింగ్ ఐరన్ పాతిక వాట్లది. స్టీరింగ్ కింద సోల్డరింగ్ ఐరన్ పెట్టుకుని తిరుగుతున్నారన్న మాట.

ఇగ్నిషన్ వైరులోకి అంత లోడు ఎందుకొచ్చింది? తీగ వెంట పోతే దొరికింది. అంతకుముందు వేసవిలో ఇంజిన్ వేడెక్కితే రేడియేటర్ ఫ్యాను వేసే థర్మో స్విచ్ పాడైతే, ఎవరో డాష్‌బోర్డు కింద ఒక స్విచ్ పెట్టి, దగ్గరగా కనబడిందని ఇగ్నిషన్ వైరు నుంచే ఫ్యానుకు 'డైరెక్ట్' ఇచ్చారు. పెద్ద లోడును స్విచ్ మీద పడకుండా మోసే రిలే లేదు, ఫ్యూజు లేదు. ఊళ్లో ఆగడం మొదలైంది ఆ వేసవిలోనే.

ఇక్కడ ఒక తేలిక దారి ఉంది. కొత్త సోలినాయిడ్ వేస్తే కొంచెం తక్కువ వోల్టేజీకి కూడా పట్టుకుంటుంది, బండి నడుస్తుంది. ముందు వాళ్లు చేసింది అదే, మూడు వారాలు నడిచింది కూడా. ఈలోగా కప్లర్ ఇంకాస్త కాలింది. అందుకే సోలినాయిడ్‌ను కదపలేదు. ఫ్యానుకు బ్యాటరీ నుంచి నేరుగా ఫ్యూజుతో, రిలేతో లైను ఇచ్చాను. థర్మో స్విచ్ కొత్తది వేశాను. ఇగ్నిషన్ స్విచ్ కాంటాక్ట్ భాగం, కప్లర్ టెర్మినల్స్ మార్చాను. తర్వాత ఫ్యాను, ఇండికేటర్, లైట్లు అన్నీ వేసినా బ్యాటరీకీ సోలినాయిడ్‌కూ మధ్య తేడా 0.3 దాటలేదు. స్లో స్పీడ్ ఉండాల్సిన చోటికి దించాను. గంటసేపు ఆగలేదు.

నా మొదటి తప్పు

ఇంత చక్కగా దొరికేసరికి రెండో సమస్య కూడా ఇదేనని అనుకున్నాను. వాదన బాగానే కుదిరింది. కాయిల్‌కు పోయేదీ ఇదే ఇగ్నిషన్ లైను. హైవే మీద అరగంట నడిస్తే స్విచ్ వేడెక్కుతుంది, కాయిల్‌కు వోల్టేజీ తగ్గుతుంది, స్పార్క్ పోతుంది, చల్లారితే వస్తుంది. వేసవి అయితే వేపర్ లాక్‌ను (వేడికి పైపులోనే పెట్రోల్ ఆవిరై దారి అడ్డడం) అనుమానించేవాణ్ని, ఇది జనవరి. పంపు కొత్తది. కాబట్టి పెట్రోల్ వైపు ఏమీ లేదని తేల్చేశాను. ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు పైపులు మెత్తబడి ఉన్నాయి. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కు పాత రబ్బరు అలా అవుతుంది. వాటిని మార్చి బండి ఇచ్చేశాను.

నాలుగో రోజు ఫోను. "కాజ టోల్ దాటాను అబ్బాయ్. ఆగిపోయింది."

నా నోట్‌బుక్‌లో మొదటి రోజే రాసుకున్నాను: ఊళ్లో 'టక్కున', హైవేలో 'దగ్గి దగ్గి'. కరెంటు తెగితే ఇంజిన్ దగ్గదు. స్విచ్ ఆపినట్టు ఆగుతుంది. దగ్గడం, కుదుపులు, పికప్ పోవడం అంటే కార్బురేటర్ గిన్నెలో పెట్రోల్ తరిగిపోతున్న గుర్తులు. తెలియని సంగతి కాదు. మొదటి జవాబు మీద మోజుతో చూడలేదు.

అప్పుడైనా సరిగ్గా ఆలోచించాల్సింది. బదులుగా కాయిల్ మార్చాను. చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే పాత కాయిల్ సరిగ్గానే ఉంది, "వేడి మీద తెగుతుందేమో" అని సర్దిచెప్పుకున్నాను. ఆటోనగర్‌లో అదొక ఇబ్బంది: ఏ పార్టయినా పది నిమిషాల్లో దొరుకుతుంది కాబట్టి, కొలవడం కంటే మార్చడం సులువు. మార్చాక నేనే కృష్ణ మీది వారధి దాటి మంగళగిరి దాకా వెళ్లి వచ్చాను. ఆగలేదు. ట్యాంకులో అప్పుడు సగం పెట్రోల్ ఉంది. ఆ సంగతి ఆ రోజు నాకు ముఖ్యమనిపించలేదు.

మాస్టారు తర్వాతి వారం గుంటూరులో ట్యాంక్ నింపించుకుని బయలుదేరారు. తాడేపల్లి దగ్గర ఆగింది.

మాస్టారి డైరీ

ఈసారి ఆయన కోప్పడలేదు, అది ఇంకా ఇబ్బందిగా అనిపించింది. బండిలోంచి ఒక పాత డైరీ తీశారు. 1997 నుంచీ పోయించిన ప్రతి లీటరూ, కిలోమీటరు రీడింగు, మైలేజీ లెక్క. హైవే మీద ఆగిన రోజుల పక్కన ఎర్ర చుక్క పెట్టారు. పదకొండు చుక్కలు. అందులో తొమ్మిది, ఆ రోజు ట్యాంక్ ఫుల్ చేయించినవి.

"నేను బంకు అన్నది ఊరికే కాదు. నింపిన రోజే ఆగుతోంది."

ఆయన లెక్క తప్పు కాదు, దాని అర్థం వేరు. పెట్రోల్ చెడ్డదైతే ట్యాంక్ సగానికి వచ్చినా ఆగుతూనే ఉండాలి, ఉన్నది అదే పెట్రోల్ కదా. నిండుగా ఉన్నప్పుడు మాత్రమే ఆగుతోందంటే తేడా పెట్రోల్‌లో లేదు, దాని పైనున్న ఖాళీలో ఉంది.

రెండు ప్రశ్నలు అడిగాను.

"ఫుల్ అంటే ఎంత దాకా మాస్టారూ?"

"వాడి గన్ను కట్ అయ్యాక కూడా రౌండ్ ఫిగర్ కోసం పోస్తాడుగా. మెడ దాకా."

"ఆగగానే మొదట ఏం చేస్తారు?"

"మూత తీసి వాసన చూస్తాను. కిరోసిన్ వాసన ఏమన్నా వస్తుందేమోనని. తర్వాత బానెట్ ఎత్తి చల్లారనిస్తాను."

అక్కడ తెలిసింది. బండిని ఇన్నాళ్లూ బాగుచేస్తున్నది ఆ ఇరవై నిమిషాలు కాదు, ట్యాంక్ మూత తీయడం.

ట్యాంకులోంచి పెట్రోల్ పోతుంటే ఆ చోటికి బయటి గాలి రావాలి. రాకపోతే లోపల వ్యాక్యూమ్ పుడుతుంది, పంపు ఎంత లాగినా పెట్రోల్ రాదు. ఈ పంపుకు ట్యాంకులోకి రిటర్న్ పైపు కూడా ఉంది కాబట్టి, వ్యాక్యూమ్ అటువైపు నుంచి కూడా లాగుతుంది. ఇక లెక్క మాస్టారే కట్టారు. ట్యాంక్ 28 లీటర్లు. మెడ దాకా పోస్తే పైన ఖాళీ రెండు లీటర్లు అనుకుందాం. ముప్పై కిలోమీటర్లకు సుమారు ఒకటీ ముప్పావు లీటరు ఖర్చు. రెండు లీటర్ల గాలి మూడూ ముప్పావు లీటర్ల చోటుకు సాగాలి, ఒత్తిడి దాదాపు సగానికి పడాలి. పెట్రోల్ ఆవిరి కొంత నింపుతుంది కాబట్టి అంత పడదు, అయినా చాలా పడుతుంది. అదే ట్యాంక్ సగం ఉంటే పద్నాలుగు లీటర్ల గాలి పదిహేనూ ముప్పావు అవుతుంది. పంపుకు తెలియను కూడా తెలియదు. నేను సగం ట్యాంకుతో మంగళగిరి దాకా వెళ్లి వచ్చి 'ఆగలేదు' అనుకున్నది ఇందుకే.

నిరూపణ

రెండుసార్లు ఊహ మీద పోయి దెబ్బతిన్నాను కాబట్టి ఈసారి కొలవకుండా ఏదీ ముట్టుకోలేదు. పంపుకు వచ్చే పైపులో టీ జాయింటు పెట్టి వ్యాక్యూమ్ గేజి తగిలించాను. ఆటోనగర్‌లోనే మెడ దాకా పోయించి, మాస్టారిని పక్కన కూర్చోబెట్టుకుని వారధి మీదుగా గుంటూరు రోడ్డెక్కాను. ఈ గేజి వ్యాక్యూమ్‌ను పాదరసం అంగుళాల్లో చూపిస్తుంది, అంకె పెరిగితే వ్యాక్యూమ్ పెరిగినట్టు. బయలుదేరినప్పుడు గేజి ఒక అంగుళం. మంగళగిరికి ఐదు. కాజ దాటాక ఎనిమిది దగ్గర కుదుపులు మొదలయ్యాయి. పక్కకు తీసి ఆపేలోగానే ఇంజిన్ ఆగింది.

బానెట్ ఎత్తి ముందు స్పార్క్ చూశాను, నీలంగా బాగుంది. కార్బురేటర్ పక్కనుండే గుండ్రటి గాజు కిటికీలోంచి చూస్తే పెట్రోల్ మట్టం కనబడలేదు. మాస్టారిని మూత తిప్పమన్నాను. 'స్‌స్స్' మని బయటి గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు రోడ్డు రొదలో కూడా వినబడింది. చల్లారనివ్వకుండా వెంటనే సెల్ఫ్ కొట్టాను. గిన్నె నిండేదాకా పది, పన్నెండు సెకన్లు పట్టింది, ఇంజిన్ అందుకుంది. వేడి సిద్ధాంతం అక్కడితో పోయింది.

మూత పూర్తిగా బిగించకుండా తిరిగి వచ్చాం. గేజి ఒక అంగుళం దాటలేదు.

షెడ్డులో ట్యాంక్ దించాను. రెన్యువల్ కోసం వెనక ఫ్లోరుకు ప్యాచ్ వెల్డింగ్ చేసినప్పుడు ట్యాంక్ విప్పారు, విప్పడం మంచి పనే, నిప్పు దగ్గర పెట్రోల్ ఉండకూడదు. మళ్లీ ఎక్కించినప్పుడు గాలి పైపు ట్యాంకుకూ ఫ్లోరుకూ మధ్య పడి నలిగి అతుక్కుపోయింది. అదొక్కటే అయితే మూతలోని వాల్వ్ గాలి ఇచ్చేది. కానీ ఆ పనిలోనే పాత మూత పోతే, తాళం చెవి ఉన్న డూప్లికేట్ మూత కొనిచ్చారు. ఊదితే గాలి పోలేదు. లోపల వాల్వ్ లేనే లేదు, వట్టి బిరడా. బండికి గాలి పీల్చే దారులు రెండూ ఒకే పనిలో మూసుకుపోయాయి.

గాలి పైపు మార్చి, నలగని దారిలో తీసుకెళ్లి క్లిప్పు వేశాను. వాల్వ్ ఉన్న మూత వేశాను. రెండూ కలిపి కాయిల్ ఖరీదులో సగం కూడా కాలేదు. అదే గేజితో, మళ్లీ మెడ దాకా పోయించి గుంటూరు దాకా వెళ్లి వచ్చాం. అర అంగుళం దగ్గరే నిలబడింది.

అప్పటి నుంచి నా షెడ్డులో

బండి ఆగుతోందని వస్తే ఇప్పుడు ఒక కాగితం మీద విడివిడిగా రాయిస్తున్నాను: ఎలా ఆగింది, ట్యాంకులో ఎంత ఉంది, ఏమేం వేసి ఉన్నాయి, ఆగాక మొదట ముట్టుకున్నది ఏమిటి, ఆగడం మొదలవడానికి ముందు నెలలో ఏ పని చేయించారు. చివరి ప్రశ్న ముందే అడిగి ఉంటే ఫ్యాను స్విచ్, ట్యాంక్ దించడం రెండూ మొదటి రోజే బయటపడేవి. ఒక లోపం దొరికాక, కంప్లైంట్లలో అది ఏ వాక్యానికి జవాబో గీత గీస్తాను. జవాబు లేని వాక్యం మిగిలితే బండి ఇవ్వను. లోడు మీద వోల్టేజీ తేడా కొలవడం ఎప్పుడూ చేసేదే, కానీ ఇప్పుడు సీటు మీద మీటర్ పెట్టుకుని రోడ్డు మీద కొలుస్తున్నాను.

కాయిల్ డబ్బులు తిరిగి ఇచ్చి పాత కాయిల్ మళ్లీ వేశాను. అది ఇంకా నడుస్తోంది. డైరీలో ఫుల్ ట్యాంకుతో సంబంధం లేని ఆ రెండు ఎర్ర చుక్కల సంగతి ఏమిటని మాస్టారిని అడిగాను. ఒకటి, ముందు రోజు సాయంత్రం నింపి పొద్దున్నే బయలుదేరిన రోజట, తేదీ మారింది కాబట్టి లెక్కలో పడలేదు. రెండోది ఆయన కాసేపు చూసి, పేజీ తిప్పేశారు. రీడింగులు చూస్తే ఆ రోజు బండిలో నిజంగానే పెట్రోల్ అయిపోయినట్టుంది.